పాఠం 14 : నాన్న ఇచ్చిన మాట

14.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు

• ఆస్తి ఇస్తానని నోటితో చెప్పిన మాటకూ, వ్రాతపూర్వకంగా ఇచ్చిన హక్కుకూ గల భేదాన్ని వివరించగలుగుతారు.
• దానపత్రం, వీలునామా, పారీఖత్తు అనే మూడు రకాల పత్రాలను గుర్తించగలుగుతారు.
• వీలునామా లేకుండా మనిషి పోయినప్పుడు ఆస్తి ఎవరికి చెందుతుందో చెప్పగలుగుతారు.
• దస్తావేజులలో వచ్చే మాటలకు అర్థాలు చెప్పి, సొంతవాక్యాలలో ప్రయోగించగలుగుతారు.
• ఒక సాదా వీలునామాను చదివి అర్థం చేసుకొని, అటువంటిది వ్రాయగలుగుతారు.

14.2 ఉపోద్ఘాతం

పెద్దకర్మ నాడు భోజనాలు అయ్యాయి. బంధువులు ఇంకా చెప్పులు వేసుకోలేదు. అంతలో ఎవరో ఒకరు, "ఇక ఆ పొలం సంగతి ఏమనుకుంటున్నారు?" అని అడుగుతారు. అప్పటిదాకా ఒకరినొకరు పట్టుకొని ఏడ్చిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఒక్కసారిగా వేరువేరు గోడలకు ఆనుకొని కూర్చుంటారు. ఇటువంటి దృశ్యం మీరు మీ ఇంట్లోనో, మీ వీధిలోనో చూసే ఉంటారు.

ఆస్తి తగాదా అనగానే అత్యాశ వల్లనే వస్తుందని మనం అనుకుంటాం. అన్నిసార్లూ అలా కాదు. పోయినవారు బ్రతికి ఉండగా ఇచ్చిన మాట వల్ల కూడా తగాదా వస్తుంది. ఆ మాట నమ్మి ఒకరు తమ బ్రతుకునే మార్చుకొని ఉంటారు. మాట ఇచ్చిన మనిషి లేడు. వ్రాసిన కాగితం లేదు. ఈ పాఠంలో అటువంటి ఒక కుటుంబం కథ చదువుతారు. ఇందులోని పేర్లు, సంఘటనలు పాఠం కోసం కల్పించినవి. కాని తరువాత చెప్పిన చట్టం విషయాలు నిజమైనవి.

14.3 పాఠ్యాంశం : ఒక ఇంటి కథ

వీరయ్య చిన్న రైతు. కూలికి పోయి, కౌలుకు చేసి, చెరువు కింద రెండెకరాల మాగాణి కొన్నాడు. ఊళ్లో ఒక పెంకుటిల్లు కట్టాడు. రెండూ ఆయన కష్టార్జితమే. ఆయనకు ఒక కొడుకు సాంబయ్య, ఒక కూతురు లక్ష్మి. సాంబయ్య చదువుకొని పట్నంలో ఉద్యోగంలో చేరాడు. లక్ష్మికి పొరుగూరి సంబంధం చేశారు. కొంతకాలానికి వీరయ్య భార్య చనిపోయింది.

ఆ మరుసటి ఏడు వీరయ్యకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. పట్నంలో రెండు గదుల అద్దె ఇంట్లో తండ్రిని ఉంచుకోవడం సాంబయ్యకు కుదరలేదు. లక్ష్మి భర్త కుట్టుపని చేసేవాడు. "మిషను ఎక్కడ పెట్టుకున్నా పనే కదా" అని ఆయన ఒప్పుకోగా, లక్ష్మి పిల్లలతో సహా పుట్టింటికి వచ్చింది. తొమ్మిదేళ్లు తండ్రిని పసిబిడ్డలా చూసుకుంది. మంచం మీదనే స్నానం, అన్నం, మందులు అన్నీ ఆమె చేతిమీదుగానే జరిగాయి.

వీరయ్య వాకిట్లో మంచం మీద పడుకొని వచ్చేపోయే వాళ్లతో అనేవాడు: "ఈ ఇల్లు నా కూతురిదేనయ్యా. నన్ను చూసింది అదే." లక్ష్మితోనూ చాలాసార్లు అన్నాడు: "అమ్మాయ్, నీకేం భయం లేదు. ఈ ఇల్లు నీదే."

ఒకసారి పక్కింటి పెద్దాయన, "ఆ మాటేదో కాగితం మీద పెట్టించరాదా?" అని అడిగాడు. వీరయ్య పడిపోయిన చేయి చూపించి, "సంతకం ఎట్లా పెట్టను? అయినా నా బిడ్డల మధ్య కాగితాలెందుకు?" అన్నాడు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

వీరయ్య చనిపోయాడు. పన్నెండో రోజు సాయంత్రం మాట బయటికి వచ్చింది.

"అన్నయ్యా, పొలంలో నీ భాగం నువ్వు తీసుకో. ఇల్లు మాత్రం నాన్న నాకు ఇస్తానన్నాడు. ఊరందరికీ తెలుసు" అంది లక్ష్మి.

సాంబయ్య తల వంచుకొని కాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: "తొమ్మిదేళ్లు నెలనెలా మందులకు డబ్బు పంపింది నేను కాదా? ఆ వానాకాలం పెంకులు కూలితే పైకప్పు వేయించింది నేను కాదా? అప్పుడు నాన్న నాతో ఏమన్నాడో తెలుసా? 'ఒరేయ్ అబ్బాయ్, ఈ ఇల్లు నీదేరా, రిటైరయ్యాక వచ్చి ఉండు' అన్నాడు. ఆ మాట మీదనే నేను పట్నంలో స్థలం కొనలేదు."

"నీ పెళ్లికి కట్నం ఇచ్చాం కదమ్మా, ఇంకా భాగం ఏమిటి?" అని ఒక బంధువు అందుకున్నాడు. "ఉన్న ఊరు వదిలి వచ్చాం. మా ఆయన దుకాణం పోయింది. దానికి లెక్క ఎవరు కడతారు బాబాయ్?" అని లక్ష్మి ఏడ్చింది.

ఆ రాత్రి సాంబయ్య భార్యాపిల్లలతో పట్నం వెళ్లిపోయాడు. నాలుగు నెలల తరువాత భాగపరిష్కారం కోసం కోర్టులో దావా వేశాడు. మూడేళ్లు వాయిదాలు నడిచాయి. ఆ మూడేళ్లలో లక్ష్మి పెద్దకూతురి పెళ్లి జరిగింది. మేనమామ రాలేదు. మేనమామ చేయవలసిన పని వేరొకరు చేశారు.

చివరకు కేసు లోక్ అదాలత్‌కు వచ్చింది. అక్కడ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. తండ్రి తనతో అన్న మాట లక్ష్మి చెప్పింది. తనతో అన్న మాట సాంబయ్య చెప్పాడు. చాలాసేపటికి సాంబయ్యే అన్నాడు: "లక్ష్మీ, నాన్న నీతోనూ ఆ మాట అన్నాడు, నాతోనూ అన్నాడు. మనలో ఎవరం అబద్ధం ఆడలేదు."

ఇంటి విలువ ఒక ఎకరం పొలం విలువకు సమానమని ఇద్దరూ ఒప్పుకున్నారు. అంటే మొత్తం ఆస్తి మూడు ఎకరాల లెక్క. చెరో సగం అంటే ఎకరంన్నర. లక్ష్మికి ఇల్లు, అరెకరం పొలం వచ్చాయి. సాంబయ్యకు ఎకరంన్నర పొలం వచ్చింది. ఈ లెక్క పన్నెండో రోజునే కుదిరేది. కాని ఆనాడు ఎవరూ లెక్క వేయలేదు. తండ్రి ఎవరిని ఎక్కువ ప్రేమించాడన్న విషయం మీద పోట్లాడుకున్నారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

1. వీరయ్య ఆస్తి పిత్రార్జితమా, స్వార్జితమా? ఎలా చెప్పగలరు?
2. తండ్రి మాట నమ్మి లక్ష్మి ఏమి వదులుకుంది? సాంబయ్య ఏమి వదులుకున్నాడు?
3. వీరయ్య కాగితం వ్రాయించకపోవడానికి చెప్పిన రెండు కారణాలు ఏవి?

14.4 ఇచ్చిన మాటకు చట్టంలో బలం ఎంత?

వీరయ్య ఇద్దరికీ ప్రేమతోనే మాట ఇచ్చాడు. మరి ఆ మాట కోర్టులో ఎందుకు నిలవదు? నాలుగు మెట్లుగా చూద్దాం.

(అ) వాగ్దానం : "ముందుముందు ఇస్తాను" అని చెప్పడం వాగ్దానం. ప్రతిఫలం లేకుండా చేసుకున్న ఒప్పందం సాధారణంగా చెల్లదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం చెబుతుంది. దగ్గరి బంధువుల మధ్య ప్రేమతో చేసుకున్న ఒప్పందానికి మినహాయింపు ఉంది. కాని అది వ్రాతపూర్వకంగా ఉండి, రిజిస్టరు అయి ఉండాలి. అంతేకాదు, తండ్రి బ్రతికి ఉండగా "ఎప్పటికైనా ఈ ఆస్తి నాకే వస్తుంది" అని కొడుకో కూతురో పెట్టుకున్న ఆశ హక్కు కాదు. అటువంటి ఆశను అమ్మడానికి గాని, బదిలీ చేయడానికి గాని వీలులేదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం స్పష్టంగా చెప్పింది.

(ఆ) దానం : బ్రతికి ఉండగానే, ప్రతిఫలం తీసుకోకుండా ఆస్తిని ఇచ్చివేయడం దానం. భూమి, ఇల్లు వంటి స్థిరాస్తిని దానం చేయాలంటే పత్రం వ్రాయాలి. దాత సంతకం చేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. పత్రం రిజిస్టరు కావాలి. దాత జీవించి ఉండగానే పుచ్చుకొనేవారు దానిని అంగీకరించాలి. ఇలా పూర్తయిన దానాన్ని తరువాత మనసు మారిందని వెనక్కు తీసుకోవడం కుదరదు. అందువల్ల పెద్దవారు తొందరపడకూడదు. తాము బ్రతికి ఉన్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, పంట అనుభవించే హక్కు తమకే ఉంటాయని పత్రంలోనే వ్రాయించుకోవచ్చు.

(ఇ) వీలునామా : తన తరువాత ఆస్తి ఎవరికి చెందాలో చెప్పే పత్రం వీలునామా. ఇది వ్రాసినవారి మరణం తరువాతనే అమలులోకి వస్తుంది. అప్పటిదాకా ఎన్నిసార్లయినా మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. చివరిగా వ్రాసినదే చెల్లుతుంది. దీనికి స్టాంపు కాగితం అవసరం లేదు. తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, కాని చేయిస్తే మంచిది. తప్పనిసరిగా కావలసినవి రెండు. ఒకటి, వ్రాసినవారి సంతకం లేదా వేలిముద్ర. రెండు, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు.

ఇప్పుడు వీరయ్య మాట గుర్తు చేసుకోండి. చేయి పడిపోయింది కనుక వ్రాయించలేనని ఆయన అనుకున్నాడు. ఎడమచేతి వేలిముద్ర సరిపోయేది. లేదా ఆయన ఎదుట, ఆయన చెప్పగా వేరొకరు సంతకం చేయడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. మంచం పట్టినవారి ఇంటికే రిజిస్ట్రేషను అధికారి వచ్చి పత్రం రిజిస్టరు చేసే ఏర్పాటు కూడా ఉంది. ఆయనకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

(ఈ) ఏమీ వ్రాయకుండా పోతే : హిందూ వారసత్వ చట్టం 1956 జూన్ 17 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం వీలునామా లేకుండా పోయిన పురుషుని స్వార్జితం ముందుగా మొదటి తరగతి వారసులకు చెందుతుంది. కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లి వీరిలో ముఖ్యులు. వీరికి సమానభాగాలు వస్తాయి. కూతురికి పెళ్లి అయినా, కాకపోయినా భేదం లేదు. కట్నం ఇచ్చామన్న కారణంతో ఆమె భాగం తగ్గదు. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరమే కదా!

పిత్రార్జితంలో మాత్రం కూతురికి జన్మతః హక్కు చాలాకాలం లేదు. ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్ మార్గం చూపిన రాష్ట్రాలలో ఒకటి. 1986లో చేసిన రాష్ట్ర సవరణ చట్టం, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానమైన హక్కు ఇచ్చింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఇదే బాట పట్టాయి. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్లకు, పెళ్లి అయినవారికి సైతం, ఈ హక్కు వచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించి ఉండవలసిన అవసరం లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం పూర్తయిన పంపకాలను తిరగదోడడానికి వీలులేదు.

ఈ చట్టం హిందువులతోపాటు బౌద్ధులకు, జైనులకు, సిక్కులకు వర్తిస్తుంది. షెడ్యూల్డు తెగలవారికి ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప వర్తించదు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం ఉంది. ముస్లింలు తమ ధర్మశాస్త్రం ప్రకారం నోటిమాటతో కూడా దానం చేయవచ్చు. కాని దాత ప్రకటించాలి, పుచ్చుకొనేవారు అంగీకరించాలి, ఆస్తి స్వాధీనం చేయాలి. మూడూ జరిగితేనే ఆ దానం నిలుస్తుంది. వారసుల సమ్మతి లేకుండా వీలునామాతో ఇవ్వగలిగినది ఆస్తిలో మూడోవంతు మాత్రమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2

ఖాళీలు పూరించండి.
1. వీలునామాకు కనీసం ............ సాక్షులు కావాలి.
2. దానపత్రం తప్పనిసరిగా ............ కావాలి.
3. రెండు వీలునామాలు ఉంటే ............ వ్రాసినది చెల్లుతుంది.
4. వీరయ్య ఆస్తిలో చట్టప్రకారం లక్ష్మి భాగం ............ .

14.5 మన ఇళ్లలో వినిపించే మూడు మాటలు

పసుపుకుంకుమ : పెళ్లినాడు కూతురికి "ఈ అరెకరం పసుపుకుంకుమల కింద ఇచ్చాం" అని పదిమందిలో చెప్పడం తెలుగువారిలో పాత ఆచారం. అల్లుడు ఆ పొలం దున్నుకుంటాడు. శిస్తు మాత్రం మామగారి పేరనే కడుతూ ఉంటారు. మామగారు పోయాక బావమరుదులు "ఆ పొలం మాది" అంటారు. పసుపుకుంకుమ పవిత్రమైన మాటే. కాని చట్టం దృష్టిలో అది దానం. ఇచ్చినప్పుడే చిన్న దానపత్రం వ్రాసి రిజిస్టరు చేయించడం మంచిది.

ఇల్లరికం : మగపిల్లలు లేనివారు అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకొని, "నువ్వే నాకు కొడుకువు, ఆస్తి నీదే" అనడం మీరు వినే ఉంటారు. ఆంధ్రదేశంలో కొన్ని కులాలలో ఉన్న ఈ ఆచారాన్ని మద్రాసు రాష్ట్రపు కోర్టులు పూర్వం గుర్తించాయి. కాని 1956 చట్టం తాను నిర్ణయించిన విషయాలలో పాత ఆచారాలను పక్కకు పెట్టింది. ఆ చట్టంలోని వారసుల పట్టికలో అల్లుడు లేడు. ఇరవై ఏళ్లు మామగారి పొలం చేసిన ఇల్లరికపుటల్లుడు వ్రాత లేకపోతే చేతులూపుకుంటూ బయటికి రావలసి రావచ్చు.

"చూసినవాళ్లకే ఆస్తి" : ఇది అన్నిటికంటె ఎక్కువగా వినిపించేది. లక్ష్మి విన్నది ఇదే. ముసలితనంలో సేవ చేసినవారికి కొంత ఎక్కువ ఇవ్వాలనుకోవడం న్యాయమే. స్వార్జితాన్ని తనకు నచ్చినవారికి ఇచ్చే స్వేచ్ఛ యజమానికి ఉంది. కాని ఆ స్వేచ్ఛను ఆయన వాడుకోవాలి. వాడుకోకపోతే సేవ చేసినవారికీ, చేయనివారికీ చట్టం సమానంగానే పంచుతుంది.

ఇంకొక పొరపాటు కూడా గమనించండి. "పాసు పుస్తకంలో పేరు మార్పించుకున్నాను, ఇక పొలం నాదే" అని కొందరు అనుకుంటారు. రెవెన్యూ రికార్డులలో పేరు ఎక్కినంత మాత్రాన యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు పలుమార్లు చెప్పింది. హక్కు ముందు రావాలి. పేరు మార్పు దాని వెనుక రావాలి.

14.6 పెద్దవారికి ఒక హెచ్చరిక, ఒక ధైర్యం

మాట మీద ఆగిపోయి పిల్లలను తగాదాలో పడవేసేవారు కొందరు. "చూసుకుంటాం" అన్న పిల్లల మాట నమ్మి ఉన్నదంతా ముందే వ్రాసిచ్చి, తరువాత వీధిన పడేవారు మరికొందరు. ఇటువంటివారి కోసం 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. 60 ఏళ్లు నిండినవారు, తమను చూసుకోవాలనే షరతుతో ఆస్తి ఇచ్చి ఉండి, పుచ్చుకున్నవారు ఆ షరతు తప్పితే, ఆ బదిలీని రద్దు చేయమని ట్రిబ్యునలును అడగవచ్చు. రెవెన్యూ డివిజనల్ అధికారి స్థాయికి తగ్గని అధికారి దీనికి అధ్యక్షుడు.

ఇక్కడ కూడా వ్రాతే ముఖ్యం. అటువంటి షరతు ఉన్నట్టు చూపాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా ఉదారంగా అన్వయించాలని 2025 జనవరిలో మరొక తీర్పులో చెప్పింది. కనుక ఆస్తి వ్రాసిచ్చే పెద్దలు "నన్ను జీవితాంతం పోషించవలెను" అన్న ఒక్క వాక్యం పత్రంలో ఉండేలా చూసుకోవాలి. వయోవృద్ధులు సలహా కోసం 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

14.7 తగాదా వచ్చినప్పుడు ఏమి చేయాలి?

1. ముందు కాగితాలు వెతకండి. పాత పెట్టె, బియ్యపు డబ్బా, దేవుడి గూడు కూడా చూడండి. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు తీసుకుంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, దానాలు, తాకట్టులు తెలుస్తాయి.
2. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకండి. "ఊరికే సాక్షి సంతకం" అని చెప్పి హక్కు వదులుకునే పత్రం మీద అక్కచెల్లెళ్ల చేత సంతకం పెట్టించడం జరుగుతూ ఉంటుంది.
3. కుటుంబం కూర్చొని ఒప్పందానికి రావచ్చు. నోటితో చేసుకున్న కుటుంబ పరిష్కారం కూడా చెల్లుతుందనీ, ముందే జరిగిపోయిన పరిష్కారాన్ని జ్ఞాపకం కోసం వ్రాసుకుంటే దానికి రిజిస్ట్రేషను అక్కరలేదనీ సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. అయినా పంపకాన్ని పారీఖత్తుగా వ్రాసి రిజిస్టరు చేయించుకుంటే తరువాతి తరం నిశ్చింతగా ఉంటుంది.
4. ఒప్పందం కుదరకపోతే మీ మండల న్యాయసేవా కమిటీని గాని, జిల్లా న్యాయసేవాధికార సంస్థను గాని కలవండి. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, వికలాంగులకు, తక్కువ ఆదాయం గలవారికి న్యాయసహాయం ఉచితం. 15100 నంబరుకు ఫోను చేసి కూడా వివరాలు అడగవచ్చు.
5. లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుంటేనే పరిష్కారం జరుగుతుంది. అక్కడ ఇచ్చిన అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానం. దానిమీద అప్పీలు ఉండదు. కోర్టులో కట్టిన ఫీజు తిరిగి వస్తుంది.

14.8 భాషాంశాలు

(అ) క్రియ మారితే హక్కు మారుతుంది

ఈ మూడు వాక్యాలను పోల్చి చూడండి.

1. ఈ ఇల్లు నీకు ఇస్తాను.
2. ఈ ఇల్లు నీకు ఇచ్చాను, స్వాధీనం చేశాను.
3. ఈ ఇల్లు నా తదనంతరం నీకు చెందవలెను.

మొదటి వాక్యంలో క్రియ భవిష్యత్కాలంలో ఉంది. అది వాగ్దానం. రెండవదానిలో భూతకాలం ఉంది. అది దానపత్రపు భాష. మూడవదానిలో విధి ఉంది. "తదనంతరం" అంటే తరువాత, అనగా మరణానంతరం. అది వీలునామా భాష. వీరయ్య తన జీవితమంతా మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాడు.

(ఆ) దస్తావేజులలో వచ్చే మాటలు

స్థిరాస్తి – కదలని ఆస్తి, భూమి, ఇల్లు
చరాస్తి – కదిలించగల ఆస్తి. నగలు, పశువులు, డబ్బు
స్వార్జితం – తాను సంపాదించినది
పిత్రార్జితం – తండ్రితాతల నుంచి వచ్చినది
దఖలు పరచు – హక్కుతో సహా అప్పగించు
హద్దులు – ఆస్తికి నాలుగు దిక్కుల ఉన్న ఎల్లలు
పారీఖత్తు – పంపకపు పత్రం
నిశానీ – సంతకానికి బదులు పెట్టే గుర్తు
లేఖరి – పత్రం వ్రాసినవాడు

వీటిలో దస్తావేజు, పారీఖత్తు, నిశానీ వంటి మాటలు పారశీకం, ఉర్దూల ద్వారా మన కచేరీలలోకి వచ్చాయి. వీలునామాలోని "వీలు" ఇంగ్లీషు మాట, "నామా" పారశీకం. రెండూ కలిసి తెలుగు మాట అయ్యాయి.

(ఇ) సంధులు

స్థిర + ఆస్తి = స్థిరాస్తి (సవర్ణదీర్ఘసంధి)
స్వ + ఆర్జితం = స్వార్జితం (సవర్ణదీర్ఘసంధి)
పితృ + ఆర్జితం = పిత్రార్జితం (యణాదేశసంధి)

(ఈ) నమూనా వీలునామా

......... సంవత్సరం ......... నెల ......... తేదీన, ......... గ్రామ కాపురస్తురాలు, ......... గారి భార్య, ......... ఏండ్ల వయసు గల ......... అను నేను నా పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా వ్రాయించిన వీలునామా.

నాకు ఈ దిగువ హద్దులు గల ఇల్లు స్వార్జితముగా ఉన్నది. నాకు ఒక కుమారుడు, ఒక కుమార్తె గలరు. నేను జీవించి ఉన్నంతకాలము సదరు ఇల్లు నేనే అనుభవించుకొందును. నా తదనంతరం సదరు ఇల్లు నా కుమార్తె ......... కు సర్వహక్కులతో చెందవలెను. నా కుమారునికి ......... చెందవలెను. నా కుమార్తె నన్ను పెక్కేండ్లు కనిపెట్టుకొని ఉన్నందున ఇట్లు నిర్ణయించితిని. దీనికి ముందు నేను వ్రాసిన వీలునామాలు ఏవైనా ఉన్నచో అవి రద్దు.

హద్దులు : తూర్పు ......... దక్షిణం ......... పడమర ......... ఉత్తరం .........

వ్రాయించినవారి సంతకం / వేలిముద్ర : .........
సాక్షులు : 1. ......... 2. .........
లేఖరి : .........

గమనించండి: ఇందులో ఎందుకు అలా ఇచ్చారో ఒక వాక్యంలో చెప్పారు. చట్టం ఈ వాక్యాన్ని అడగదు. కాని తక్కువ వచ్చిన బిడ్డకు ఆ వాక్యం అవసరం. ఆస్తి పొందేవారే దగ్గరుండి వ్రాయించిన వీలునామాను కోర్టులు అనుమానంతో చూస్తాయి. కనుక ఆస్తితో సంబంధం లేనివారిని, వయసులో మీకంటె చిన్నవారిని సాక్షులుగా పెట్టుకోండి. తరువాత తగాదా వస్తే సాక్షులలో ఒకరైనా కోర్టుకు వచ్చి చెప్పవలసి ఉంటుంది. వీలునామాను సీలు చేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచుకొనే వీలు కూడా ఉంది.

14.9 సారాంశం

వీరయ్య తన ఇద్దరు బిడ్డలకూ ఒకే ఇల్లు ఇస్తానని మాట ఇచ్చి, వ్రాయించకుండా పోయాడు. ఇద్దరూ ఆ మాట నమ్మి నష్టపోయారు. నోటి వాగ్దానం ఆస్తి హక్కు ఇవ్వదు. బ్రతికి ఉండగా ఇవ్వాలంటే రిజిస్టరైన దానపత్రం, తరువాత ఇవ్వాలంటే ఇద్దరు సాక్షులున్న వీలునామా కావాలి. రెండూ లేకపోతే చట్టం వారసులకు సమానంగా పంచుతుంది. కొడుకుకూ కూతురికీ భేదం లేదు. తగాదా వచ్చినవారికి లోక్ అదాలత్, ఉచిత న్యాయసహాయం అందుబాటులో ఉన్నాయి.

కాగితం వ్రాయడమంటే బిడ్డలను నమ్మకపోవడం కాదు. తాను లేనప్పుడు కూడా తన మాట స్పష్టంగా వినిపించేలా చేయడం.

14.10 పాఠాంత ప్రశ్నలు

1. "మనలో ఎవరం అబద్ధం ఆడలేదు" అని సాంబయ్య ఎందుకు అన్నాడు? పది వాక్యాలలో వ్రాయండి.
2. దానపత్రానికీ వీలునామాకూ గల భేదాలను వ్రాయండి.
3. పసుపుకుంకుమ, ఇల్లరికం అనే ఆచారాలలో తగాదాలు ఎలా వస్తాయి?
4. వీరయ్య స్థానంలో మీరుంటే ఏమి చేసేవారు? పై నమూనాను అనుసరించి ఒక వీలునామా వ్రాయండి.
5. లక్ష్మి తన కూతురి పెళ్లికి రమ్మని అన్నయ్యకు ఉత్తరం వ్రాయాలనుకుంది, కాని వ్రాయలేదు. ఆ ఉత్తరం మీరు వ్రాయండి.

చేసి చూడండి : మీ ఇంటి పెద్దల అనుమతితో ఒక పాత దస్తావేజు తీసి చదవండి. అందులో మీకు తెలియని మాటలు ఐదు వ్రాసుకొని, వాటి అర్థాలు అడిగి తెలుసుకోండి.

14.11 ప్రగతి ప్రశ్నలకు సమాధానాలు

ప్రగతి – 1
1. స్వార్జితం. కూలికి పోయి, కౌలుకు చేసి తానే కొన్నాడు, కట్టాడు.
2. లక్ష్మి కాపురం ఉన్న ఊరిని, భర్త దుకాణాన్ని వదులుకుంది. సాంబయ్య పట్నంలో స్థలం కొనడం మానుకున్నాడు.
3. చేయి పడిపోయినందువల్ల సంతకం పెట్టలేననడం. బిడ్డల మధ్య కాగితాలు అక్కరలేదనడం.

ప్రగతి – 2
1. ఇద్దరు 2. రిజిస్టరు 3. చివరిగా 4. సగం